హైదరాబాదు సంస్థానంలో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ఉద్యమం

ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ఉద్యమం నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో 1927 నుండి 1948 వరకు నడచిన ముస్లిం రాజకీయ ఉద్యమం. దీనిని నడిపిన సంస్థ పేరు మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్. దీని స్వచ్ఛంద దళమే రజాకార్లు. మత శాఖల మధ్య ఐక్యతకోసం ఏర్పడిన ఒక చిన్న సభ ఇరవై ఏళ్ళలో సంస్థాన ప్రభుత్వాన్ని శాసించే స్థాయికి ఎదిగి, 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో కూలిపోయింది. తెలంగాణలో, ముఖ్యంగా నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో, ఆ చివరి రెండేళ్ళ కాలాన్ని నేటికీ రజాకార్ల కాలమనే పిలుస్తారు. 1957 తరువాత ఇదే పేరుతో పునరుద్ధరించబడిన పార్టీ వేరు పరిస్థితులలో, వేరు లక్ష్యాలతో పనిచేసింది గనుక దాని గురించి ఈ వ్యాసంలో క్లుప్తంగానే ప్రస్తావించబడినది.

నేపథ్యం

హైదరాబాదు సంస్థానం వైశాల్యం సుమారు 82 వేల చదరపు మైళ్ళు. 1941 జనాభా లెక్కల ప్రకారం జనాభా కోటీ అరవై లక్షలకు పైమాటే. ఇందులో ముస్లింలు ఎనిమిదింట ఒక వంతు. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రజలు అధికసంఖ్యాకులు కాగా పాలనాభాష ఉర్దూ. 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష కూడా ఉర్దూయే. పోలీసు, సైన్యం, రెవెన్యూ శాఖల పై ఉద్యోగాలలో ముస్లింల సంఖ్య వారి జనాభా నిష్పత్తి కంటే చాలా ఎక్కువ. అలాగని ముస్లింలందరూ పాలకవర్గమనుకోవడం సరికాదు. పల్లెలలోని దూదేకులవారు, చిన్న రైతులు, చేతివృత్తులవారు, పట్నంలోని బండివాళ్ళు, కూలీలు తమ హిందూ ఇరుగుపొరుగువారిలాగే పేదరికంలో ఉండేవారు. గ్రామాలలో భూమిపై పెత్తనం ప్రధానంగా హిందూ దేశ్‌ముఖులు, దేశపాండ్యాలది. ఈ సంగతిని దృష్టిలో ఉంచుకోకపోతే తరువాతి సంఘటనలు అర్థం కావు.

సంస్థానంలో ఇస్లాం పేరుతో రాజకీయ కదలికలు ఇంతకు ముందే కనిపిస్తాయి. 1839లో నాల్గవ నిజాం నాసిరుద్దౌలా సోదరుడు ముబారిజుద్దౌలా వహాబీల బ్రిటిషు వ్యతిరేక కుట్రలో పాల్గొన్నాడన్న ఆరోపణపై గోల్కొండ కోటలో బంధించబడి 1854లో అక్కడే మరణించాడు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల నాయకత్వాన ఒక గుంపు కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై దాడి చేసింది. తుర్రేబాజ్ ఖాన్ 1859లో తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు. మౌల్వీ అలాఉద్దీన్ అండమానుకు పంపబడి అక్కడే చనిపోయాడు. 1920లో ఖిలాఫత్ ఉద్యమం హైదరాబాదులో హిందువులను, ముస్లింలను ఒకే వేదికపైకి తెచ్చింది. దీనికి బెదిరిన నిజాం ప్రభుత్వం రాజకీయ సభలపై ఆంక్షలు విధించింది. ఈ మూడు సందర్భాలలోనూ ఉద్యమం గురి బ్రిటిషువారిపై ఉండినది. ఇత్తెహాద్ ఉద్యమం మాత్రం నిజాం సింహాసనాన్ని కాపాడుకోవడానికి పుట్టింది. ఈ తేడా ముఖ్యమైనది.

స్థాపన

1927లో నవాబ్ మహమూద్ నవాజ్ ఖాన్ చొరవతో హైదరాబాదులో ఉలేమాలు, మషాయిఖులు సమావేశమై మజ్లిస్ ఇత్తెహాద్ బైనుల్ ముస్లిమీన్ అనే సంస్థను నెలకొల్పారు. పేరుకు అర్థం ముస్లింల మధ్య ఐక్యతా సభ. సున్నీ, షియా, మహదవీ మొదలైన శాఖల మధ్య తగాదాలను తగ్గించడం, ముస్లింల సామాజిక, విద్యా ప్రయోజనాలను చూడటం, రాజుపట్ల విధేయత దీని ఆశయాలు. మొదటి పదేళ్ళలో దీనికి పెద్ద రాజకీయ ప్రాధాన్యం లేదు.

ఇదే కాలంలో తెలుగువారి సంస్థలు బలపడసాగాయి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోల్కొండ పత్రికను ప్రారంభించాడు. 1930లో ఆయన అధ్యక్షతన జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ, 1931లో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన నల్లగొండ జిల్లా దేవరకొండలో రెండవ మహాసభ జరిగాయి. వీరిద్దరూ పాలమూరు జిల్లావారే. సభ జరపాలంటే ముందుగా అనుమతి పొందాలనే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తరువు ఆనాటి సభలన్నింటికీ పెద్ద అడ్డంకిగా ఉండేది.

మరొకవైపు, తరువాతి కాలంలో జమాతే ఇస్లామీని స్థాపించిన అబుల్ ఆలా మౌదూదీ ఈ సంస్థానపు ఔరంగాబాదులోనే 1903లో జన్మించాడు. 1930ల మొదట్లో ఆయన హైదరాబాదు నుండే తర్జుమానుల్ ఖురాన్ పత్రికను నడిపి, 1938లో పంజాబుకు వెళ్ళిపోయాడు. 1941లో స్థాపించిన ఆయన సంస్థకూ ఇత్తెహాద్‌కూ ప్రత్యక్ష సంబంధం లేదు.

బహదూర్ యార్ జంగ్ కాలం

ఇత్తెహాద్‌ను నిజమైన రాజకీయ శక్తిగా మలచినవాడు నవాబ్ బహదూర్ యార్ జంగ్ (1905-1944). అసలు పేరు మహమ్మద్ బహదూర్ ఖాన్. పఠాను జాగీర్దారు కుటుంబానికి చెందిన మహదవీ శాఖీయుడు. సున్నీ, షియా వర్గాలు రెండింటిలోనూ లేని వ్యక్తి ముస్లిం ఐక్యతా సంస్థకు నాయకుడు కావడం గమనించదగిన విషయం. ఉర్దూ వక్తృత్వంలో ఆయనకు సాటి లేరని ప్రత్యర్థులు సైతం అంగీకరించారు. రాజకీయాలలోకి రాకముందు తబ్లీగ్ సంస్థ ద్వారా పల్లెలలో తిరిగి దళితులను ఇస్లాంలోకి చేర్చే పని చేశాడు. దానికి ప్రతిగా ఆర్యసమాజం శుద్ధి కార్యక్రమాలు చేపట్టింది. ఊళ్ళలో మతపరమైన ఘర్షణలు పెరగడానికి ఈ పోటీ ఒక కారణం.

1938లో ఆయన ఇత్తెహాద్ అధ్యక్షుడయ్యాడు. సంస్థాన రాజకీయాలలో అది కీలకమైన సంవత్సరం. హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు ఏర్పడకముందే నిషేధించబడింది. కాంగ్రెసు, ఆర్యసమాజం సత్యాగ్రహాలు మొదలుపెట్టాయి. ఉస్మానియా విద్యార్థులు వందేమాతర ఉద్యమం నడిపారు. అరవముదు అయ్యంగారు సంఘం రాజకీయ సంస్కరణలను పరిశీలిస్తున్నది. బాధ్యతాయుత ప్రభుత్వం వస్తే అధికసంఖ్యాకుల చేతికి అధికారం పోతుందనే భయం ముస్లిం మధ్యతరగతిలో వ్యాపించింది. ఆ భయానికి ఇత్తెహాద్ ఒక సిద్ధాంతరూపం ఇచ్చింది. హైదరాబాదులో సార్వభౌమాధికారం నిజాముది కాదు, ముస్లిం సముదాయానిది. నిజాం దానికి ప్రతీక మాత్రమే. ప్రతి ముస్లిమూ పాలకుడే. దీనికి అనల్ మాలిక్ సిద్ధాంతమని పేరు. బండి తోలుకునే పేదవాడికి సైతం తానొక రాజుననే భావన కలిగించడంలో ఈ నినాదపు బలమంతా ఉన్నది. అతని కూలిని మాత్రం అది పెంచలేదు.

1939లో ప్రకటించబడిన సంస్కరణలలో శాసనసభకు ఎన్నికయ్యే స్థానాలను హిందువులకు, ముస్లింలకు సమానంగా కేటాయించారు. జనాభాలో ఎనిమిదింట ఒక వంతుకు సగం స్థానాలు లభించడంతో కాంగ్రెసు, ఆంధ్ర మహాసభలు నిరసించాయి. రెండవ ప్రపంచయుద్ధం కారణంగా ఈ సంస్కరణల అమలు 1946 వరకు వాయిదా పడింది.

బహదూర్ యార్ జంగ్ అఖిల భారత సంస్థానాల ముస్లింలీగుకు కూడా అధ్యక్షుడు, జిన్నాకు సన్నిహితుడు. అయితే సార్వభౌమత్వం ప్రజలదేననే సిద్ధాంతం నిజాముకూ రుచించలేదు. ప్రభుత్వం ఆయన ఉపన్యాసాలపై ఆంక్షలు విధించగా ఆయన తన బిరుదును, జాగీరును వదులుకున్నాడు. 1944 జూన్ 25న ఒక విందులో హుక్కా పీలుస్తూ హఠాత్తుగా మరణించాడు. విషప్రయోగం జరిగిందనే అనుమానం నాటి నుండి ప్రచారంలో ఉన్నది గాని రుజువు కాలేదు.

ఇత్తెహాద్‌తో ఏకీభవించని ముస్లింలు

ఈ కాలపు ముస్లింలందరూ ఇత్తెహాద్ వెంట నడిచారనే అభిప్రాయం తెలుగు రచనలలో తరచుగా కనిపిస్తుంది. అది నిజం కాదు. 1930లలో ముల్కీ ఉద్యమం నుండి పుట్టిన నిజాం ప్రజల సంఘంలో హిందూ, ముస్లిం విద్యావంతులు కలసి పనిచేశారు. మఖ్దూం మొహియుద్దీన్ మొదలైనవారు కామ్రేడ్స్ అసోసియేషన్ ద్వారా కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చారు. విసునూరు దేశ్‌ముఖుతో భూమికోసం కోర్టులో పోరాడి 1940లో హత్య చేయబడిన షేక్ బందగీ ఒక సామాన్య ముస్లిం రైతు. తెలంగాణ రైతాంగ పోరాటానికి ఆయన మరణమే తొలి ప్రేరణలలో ఒకటిగా భావించబడుతుంది.

కాసిం రజ్వీ, రజాకార్లు

బహదూర్ యార్ జంగ్ తరువాత అధ్యక్షుడైన అబుల్ హసన్ సయ్యద్ అలీ కొంత రాజీ ధోరణి గలవాడు. రాజ్యాంగ విషయాలలో కాంగ్రెసువారితో చర్చలు జరిపాడని తీవ్రవాదులు ఆయనను తప్పించారు. 1946 చివరిలో లాతూరుకు చెందిన వకీలు సయ్యద్ కాసిం రజ్వీ అధ్యక్షుడయ్యాడు. ఇత్తెహాద్ పూర్తిగా రూపు మారింది ఇక్కడే.

రజాకారు అంటే పర్షియన్, ఉర్దూ భాషలలో స్వచ్ఛంద సేవకుడని అర్థం. ఇత్తెహాద్ స్వచ్ఛంద సేవకులు బహదూర్ యార్ జంగ్ కాలం నుండే ఉన్నా, రజ్వీ వారిని సాయుధ దళంగా మార్చాడు. గ్రామాలలోని నిరుద్యోగ యువకులు, చిన్న ఉద్యోగులు, భారతదేశంలోని అల్లర్ల నుండి పారిపోయి సంస్థానానికి వచ్చిన కాందిశీకులు ఇందులో చేరారు. సిద్దిఖ్ దీన్‌దార్ చన్నబసవేశ్వర స్థాపించిన దీన్‌దార్ అంజుమన్ అనుచరులు కూడా వీరితో కలిశారు. దళిత నాయకులలో బి.ఎస్.వెంకట్రావు, శ్యాంసుందర్ నిజాం పక్షం వహించారు. వెంకట్రావు మీర్ లాయక్ అలీ మంత్రివర్గంలో మంత్రి అయ్యాడు. నిజాం పక్షాన చేరవద్దని అంబేద్కర్ 1947 నవంబరులో దళితులకు చేసిన ప్రకటన ఈ సందర్భంలోనిదే.

1947 జూన్‌లో నిజాం తాను ఇటు భారతదేశంలో గాని అటు పాకిస్తానులో గాని చేరబోనని ఫర్మానా జారీచేశాడు. అక్టోబరులో భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం దాదాపుగా ఖరారైంది. అక్టోబరు 27 తెల్లవారుజామున నిజాం ప్రతినిధులు ఢిల్లీకి బయలుదేరవలసి ఉండగా ఇత్తెహాద్ గుంపులు ప్రధాని ఛత్తారీ నవాబు, న్యాయసలహాదారు వాల్టర్ మాంక్టన్ మొదలైనవారి ఇళ్ళను చుట్టుముట్టి వారిని కదలనీయలేదు. ఛత్తారీ రాజీనామా చేశాడు. నెల తరువాత నవంబరు 29న కొత్త ప్రతినిధులు సంతకం చేసిన ఒప్పందంలో ముఖ్యమైన మార్పేమీ లేదు. మారినదల్లా సంస్థానంలో అసలు అధికారం ఎవరిదన్న విషయమే. డిసెంబరులో ఇత్తెహాద్ మద్దతుగల పారిశ్రామికవేత్త మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. ఉపప్రధాని పింగళి వెంకటరమణారెడ్డి వరంగల్లు ప్రాంతపు హిందూ భూస్వామి. ఈ ప్రభుత్వమే 1948 మే నెలలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధాన్ని తొలగించింది. మంత్రివర్గ సభ్యుడు జె.వి.జోషి రజాకార్ల దురాగతాలను నిరసిస్తూ రాజీనామా చేశాడు.

ఢిల్లీ ఎర్రకోటపై అసఫ్‌జాహీ పతాకం ఎగురవేస్తామని రజ్వీ చేసిన ప్రసంగాలు భారత పత్రికలలో ప్రముఖంగా వచ్చాయి. ఆ మాటల వెనుక తగిన సైన్యం గాని ఆయుధాలు గాని లేవు. అయితే ఆ మాటలు పల్లెలలోని దళాలకు ధైర్యాన్ని, భారత ప్రభుత్వానికి కారణాన్ని సమకూర్చిపెట్టాయి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో

ఈ రెండు జిల్లాల అనుభవం ఒకే విధంగా లేదు. నల్లగొండ జిల్లాలో ఆంధ్ర మహాసభ (గ్రామాలలో సంఘం అని వ్యవహరించేవారు) 1944 భువనగిరి సభ తరువాత కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వచ్చింది. 1946 నాటికి వెట్టిచాకిరీకి, దేశ్‌ముఖుల భూ ఆక్రమణలకు వ్యతిరేకంగా గ్రామాలు కదిలాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖు గూండాల కాల్పులలో మరణించాడు. కొమరయ్యను రజాకార్లు చంపినట్లు కొన్ని రచనలలో కనిపిస్తుంది గాని అప్పటికి రజాకారు దళాలు పల్లెలకు రాలేదు. 1947-48లో దళాలు వచ్చినప్పుడు పారిపోయిన దేశ్‌ముఖులు అనేకులు వాటి వెంట తిరిగివచ్చారు. హిందూ భూస్వామి ముందు నడుస్తూ ఇళ్ళు చూపించగా రజాకార్లు, నిజాం పోలీసులు దోచుకోవడం, తగులబెట్టడం నల్లగొండ జిల్లాలో సామాన్యంగా జరిగింది. కనుక ఇక్కడి పోరాటాన్ని కేవలం హిందూ ముస్లిం ఘర్షణగా చూడటం సాధ్యం కాదు.

చిట్యాల సమీపంలోని గుండ్రాంపల్లి, భువనగిరి తాలూకాలోని రేణికుంట రజాకార్ల దాడులకు, వారిని ఎదిరించిన గ్రామస్తుల ప్రతిఘటనకు పేరుపొందాయి. బీబీనగర్ సంఘటన 1948 జనవరిలో జరిగింది. రజ్వీ ప్రయాణిస్తున్న రైలు స్టేషనులో ఆగినప్పుడు వినిపించిన నినాదాలకు ఆగ్రహించి రజాకార్లు గ్రామంపై పడి దోచుకున్నారు. తరువాతి రోజులలో రజ్వీని జైలుకు పంపినది ఈ దోపిడీ కేసే.

మహబూబ్‌నగర్ జిల్లాలో కమ్యూనిస్టుల బలం తక్కువ. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం (జటప్రోలు) సంస్థానాల కింద పెద్ద భాగం ఉండేది. ఇక్కడి ఉద్యమం ప్రధానంగా స్టేట్ కాంగ్రెసు, ఆర్యసమాజం కార్యకర్తలది. 1947 అక్టోబరులో ఆత్మకూరు సమీపంలోని అప్పంపల్లిలో నిజాం పోలీసులు జరిపిన కాల్పులలో 11 మంది మరణించారు. కృష్ణ దాటితే మద్రాసు రాష్ట్రంలోని కర్నూలు జిల్లా కాబట్టి పారిపోయినవారు అక్కడికి చేరేవారు. కాంగ్రెసు సరిహద్దు శిబిరాలలో ఒకటి కర్నూలులో ఉండేది. నల్లమల అంచున ఉన్న అచ్చంపేట, అమ్రాబాదు ప్రాంతపు అడవులు పోలీసు చర్య తరువాత మరొక విధంగా వార్తలకెక్కాయి. భారత సైన్యం ఒత్తిడికి మైదాన గ్రామాలను విడిచిన కమ్యూనిస్టు దళాలు ఈ అడవులలోకి వచ్చి చెంచుల సహాయంతో 1951 వరకు కొనసాగాయి.

సంస్థానంలో మిగిలిన చోట్ల జరిగిన సంఘటనలలో పరకాల (1947 సెప్టెంబరు 2), బైరాన్‌పల్లి (1948 ఆగస్టు 27) కాల్పులు ముఖ్యమైనవి.

షోయబుల్లా ఖాన్ హత్య

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు, రజాకార్లను రద్దుచేసి భారతదేశంలో చేరాలని నిజాముకు విజ్ఞప్తి చేస్తూ ఒక ప్రకటన విడుదల చేశారు. ఇమ్రోజ్ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ దానిని ప్రచురించాడు. అంతకుముందు నుండే ఆయన సంపాదకీయాలు రజాకార్లను తీవ్రంగా విమర్శిస్తూ వచ్చాయి. ఆగస్టు 21 రాత్రి కార్యాలయం నుండి ఇంటికి వెళ్తుండగా కాచిగూడలో ఆయనను కాల్చి, చేయి నరికి చంపారు. వయస్సు ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు.

పోలీసు చర్య, అనంతర హింస

1948 సెప్టెంబరు 11న జిన్నా మరణించాడు. 13న భారతసైన్యం సంస్థానంలో ప్రవేశించింది. ప్రధాన దళం షోలాపూరు వైపు నుండి, మరొకటి బెజవాడ వైపు నుండి సూర్యాపేట మీదుగా వచ్చాయి. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న సైన్యాధిపతి ఎల్ ఇద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరికి లొంగిపోయాడు. హైదరాబాదు ఫిర్యాదు ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో చర్చకు వచ్చేసరికే యుద్ధం ముగింపుకు వచ్చింది. రజాకార్లు సైన్యం ముందు ఎక్కడా నిలబడలేకపోయారు.

తరువాత జరిగినది చాలాకాలం మరుగున పడింది. రజాకార్లు చేసిన పనులకు ప్రతీకారం అనేకచోట్ల వారితో ఏ సంబంధమూ లేని ముస్లింలపై తీర్చుకోబడింది. ప్రధాని నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలలలో జిల్లాలలో పర్యటించింది. మృతుల సంఖ్య 27 వేల నుండి 40 వేల వరకు ఉండవచ్చునని, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయాయని వారి నివేదిక అంచనా వేసింది. ప్రభుత్వం ఈ నివేదికను ప్రచురించలేదు. 2013లో గాని ఇది పరిశోధకులకు బహిరంగంగా అందుబాటులోకి రాలేదు. తెలుగు జిల్లాలలో హింస మరాఠ్వాడాతో పోలిస్తే తక్కువ. నల్లగొండ జిల్లాలో సంఘం బలంగా ఉన్న గ్రామాలలో ముస్లిం కుటుంబాలకు రక్షణ లభించినట్లు ఆ ఉద్యమ నాయకులు వ్రాశారు. అయినా ఉద్యోగాల తొలగింపు, 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దు, ఉర్దూ ప్రాధాన్యం తగ్గడం, పాకిస్తానుకు వలసల కారణంగా ముస్లిం మధ్యతరగతి బాగా దెబ్బతిన్నది. ఏ వర్గం భయాన్ని ఆధారంగా చేసుకొని ఇత్తెహాద్ ఎదిగినదో ఆ వర్గమే ఎక్కువగా నష్టపోయింది.

రజ్వీ 1948 సెప్టెంబరు 19న అరెస్టు చేయబడ్డాడు. బీబీనగర్ దోపిడీ కేసులో శిక్షపడి చంచల్‌గూడ, ఎరవాడ జైళ్ళలో గడిపాడు. 1957 సెప్టెంబరులో విడుదలై పాకిస్తానుకు వెళ్ళిపోయాడు. 1970 జనవరి 15న కరాచీలో మరణించాడు.

1957 తరువాత

రజ్వీ వెళ్ళేముందు సంస్థ బాధ్యతను అబ్దుల్ వాహెద్ ఒవైసీ అనే వకీలుకు అప్పగించాడు. భారత రాజ్యాంగానికి లోబడి పనిచేసే పార్టీగా సంస్థ నియమావళి మార్చబడింది. ఆయన కుమారుడు సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ 1962లో పత్తర్‌గట్టీ నియోజకవర్గంలో కాంగ్రెసు మంత్రి మాసూమా బేగంను ఓడించి శాసనసభకు ఎన్నికయ్యాడు. 1984 నుండి 2004 వరకు హైదరాబాదు లోక్‌సభ సభ్యునిగా ఉన్నాడు. 2004 నుండి ఆ స్థానానికి అసదుద్దీన్ ఒవైసీ ఎన్నికవుతున్నాడు. 2014, 2018, 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికలలో పార్టీ ఏడేసి స్థానాలు గెలిచింది. అవన్నీ హైదరాబాదు నగరంలోనివే.

పేరు గురించిన వివాదం

సెప్టెంబరు 17ను ఏమని పిలవాలనే విషయంలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. విమోచన దినమని కొందరు, విలీన దినమని కొందరు, విద్రోహ దినమని మరికొందరు వ్యవహరిస్తారు. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగా, తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా హైదరాబాదులో వేర్వేరుగా జరిపాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం దీనిని ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది.

జిల్లాల పేర్లపై గమనిక

పాత పత్రాలు, గ్రంథాలు చదివేవారు జిల్లాల సరిహద్దులు మారిన సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది కాబట్టి విసునూరు, కడవెండి సంఘటనలు నల్లగొండ జిల్లా కింద నమోదయ్యాయి. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనలో బీబీనగర్ యాదాద్రి భువనగిరి జిల్లాలోకి, అచ్చంపేట, అమ్రాబాదు నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చాయి.